కొసరు వెయ్యని కాటా

విజయనగరం బస్సు మీంచి దిగిన సరుకంతటిలోకీ కొత్తకోడలి మర్యాద దక్కింది ఒక్క గోనెమూటకే. సోములు దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కూలివాడు నెత్తికెత్తుకుంటానంటే వద్దన్నాడు. జట్కా ఎక్కిద్దామంటే గతుకులన్నాడు. ఆఖరికి తనే గుండెకి హత్తుకుని, రాజాం బస్టాండు నుంచి తమ వీధి దాకా అడుగు తీసి అడుగు వేస్తూ మోసుకొచ్చాడు. వెనకాల పదిమంది జనం, వాళ్ళ వెనకాల ఒక కుక్క.

ఆరునెలల పిల్లని ఒళ్ళో వేసుకుని కొట్టు అరుగు మీద కూచున్న అసిరమ్మ, మూట చూడగానే కాళ్ళు దగ్గరికి లాక్కుని చీర కప్పుకుంది. బోసికాళ్ళు. పెళ్ళినాడు తల్లి తొడిగిన వెండి కడియాలు పోయిన వారం ఇదే బస్సెక్కి వెళ్ళాయి. ఇవాళ ఇలా తిరిగొస్తున్నాయి.

గోనె విప్పారు. ఆకుపచ్చ రంగేసిన ఇనప దిమ్మ, నెత్తిన వెడల్పాటి ఇత్తడి పళ్ళెం, ముందు గుండ్రటి అద్దం, అద్దం లోపల అంకెలు, ఒక ఎర్ర ముల్లు.

"గోడకి కొట్టే గడియారమేటి?" అంది అత్త కూర్మమ్మ.

"కాటా అమ్మా! రాళ్ళక్కర్లేదు, తాళ్ళక్కర్లేదు. సరుకేస్తే సాలు, ముల్లే బరువు సెప్పేస్తాది."

"ముల్లే సెప్పేస్తే మరి నువ్వేటి సేస్తావు?"

ఆ ప్రశ్నకి సోములు బస్సులోనే జవాబు తయారుచేసుకొచ్చాడు. త్రాసుతో తూస్తే రాయి వెతకాలి, పళ్ళెం పైకీ కిందకీ ఊగాలి, ఊగినంతసేపూ బేరగత్తెతో తగువాడాలి. ఈ కాటా ఉంటే ఇద్దరు పోయే వేళకి అయిదుగురు పోతారు. అయిదుగురు పోతే సరుకు తిరుగుతుంది, సరుకు తిరిగితే కొట్టు పెరుగుతుంది. కాటా అమ్మిన షావుకారు చెప్పిన మాటలే, ఒక్కటీ పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

"అయిదుగురొస్తే కదా పోవడానికి," అంది కూర్మమ్మ, ఎదురుగా ఉన్న ఎర్రన్న కొట్టుని గెడ్డంతో చూపిస్తూ. ఎర్రన్న కొట్టు పెట్టి ఏడాదయింది. అప్పట్నుంచీ వీళ్ళ బేరం సగమయింది. "పాత త్రాసేదిరా?"

"షావుకారుకి ఇచ్చీసినాను. నెల లోపల కాటా తిరిగిచ్చేస్తే మన త్రాసు మనకిచ్చేస్తాడట."

పోయిన మొగుడి చేతి త్రాసు పరాయి చోట పడి ఉందన్న సంగతి మింగడానికి కూర్మమ్మకి కొంత సేపు పట్టింది. మింగాక తీర్పు చెప్పింది. "నాలుగు సంతలు సూస్తాను. నాలుగో సంతకీ బేరం పెరక్కపోతే, ఇది విజయనగరం బస్సెక్కుతాది, నువ్వు మీ బావ కాడికి ఖరగ్‌పూర్ రైలెక్కుతావు. ఆడు రైలు కార్కానాలో పనిప్పిస్తానని మూడు ఉత్తరాలు రాసినాడు." అని గోనెనీ పురితాడునీ జాగ్రత్తగా మడతపెట్టి అటక మీద పెట్టింది. తిరిగి కట్టడానికి పనికొస్తాయని.

ఖరగ్‌పూర్ మాట వినగానే అసిరమ్మ ఒళ్ళో పిల్ల కేసి చూసింది. మొదట పుట్టిన మగపిల్లాడు నెల తిరక్కుండా పోయాడు. ఈ పిల్ల అటూ ఇటూగా ఉంది. మొగుడు అంత దూరం పోతే, అర్ధరాత్రి పిల్లకి ఒళ్ళు కాలితే తను ఎవర్ని లేపాలి? ఆ ఎర్రముల్లు కేసి చూసి, నువ్వే దిక్కన్నట్టు మనసులోనే ఒక దణ్ణం పెట్టుకుంది.

మొదటి బేరం జగ్గమ్మది.

జగ్గమ్మ ఉండేది పక్కింట్లో. నోరు మాత్రం నాలుగిళ్ళ అవతలికి వినిపిస్తుంది. పైగా అసిరమ్మ కూతురికి ఆవిడ యజమానురాలు. మొదటి పిల్లాడు పోయాడని, ఈ పిల్లనైనా దక్కించుకోవాలని, పురుడు వెళ్ళిన నాడు కూర్మమ్మ పిల్లని చేటలో వేసి అడ్డెడు తవుడుకి జగ్గమ్మకి అమ్మేసింది. తవుడుకి అమ్ముడుపోయిన పిల్లని చావు కూడా లెక్కచెయ్యదని వాళ్ళ నమ్మకం. జగ్గమ్మ తవుడు కొలిచి పోసి, "నా గుంటని మీరే పెంచండి" అని చేట తిరిగిచ్చేసింది. పిల్లకి తవిటమ్మ అని పేరు పెట్టారు. ఆ అధికారంతో జగ్గమ్మ ఎప్పుడొచ్చినా ముందు పిల్లని చూసి, ఆ తర్వాతే సరుకు అడుగుతుంది.

"సిక్కిపోనాదిరా నా గుంట," అంది ఆ రోజు కూడా. "సరే, అరకిలో కందిపప్పు తూసు."

సోములు పప్పు పోశాడు. ముల్లు పరిగెత్తి, అటూ ఇటూ వణికి, అరకిలో గీత దాటి వెంట్రుకవాసి అవతల ఆగింది. సోములు మొహం వెలిగిపోయింది. పళ్ళెంలోంచి నాలుగు బద్దలు ఏరి తీశాడు. ముల్లు వెనక్కొచ్చి గీత మీద నిలబడింది.

జగ్గమ్మ కళ్ళు ఆ నాలుగు బద్దల వెంటే వెళ్ళాయి.

"తీసీసినావేటి?" అంది జగ్గమ్మ.

"సరిగ్గా అరకిలో అత్తా! సూడు, ముల్లు ఎలాగ నిలబడ్డాదో!"

"ముల్లు నిలబడితే నాకేటి? పళ్ళెం నా వైపు ఒరగాల కదా? మీ అయ్య బతికున్నన్నాళ్ళూ ఒరిగేలాగే తూసినాడు. పైన కొసరేసినాడు. నువ్వు ఏసింది కూడా తీసెస్తన్నావేటి?"

"ఈ పళ్ళెం ఒరగదు అత్తా. కొసరేస్తే ముల్లు తప్పు సూపిస్తాది. ముల్లు అబద్ధమాడదు."

"అయితే ఆ ముల్లుకే అమ్ముకో నీ పప్పు!" అని జగ్గమ్మ పప్పు పళ్ళెంలోనే వదిలేసి ఎర్రన్న కొట్టుకెళ్ళింది. ఎర్రన్న తాడు త్రాసెత్తి, పళ్ళెం నేలకి తగిలేంత ఒరిగించి, పైన పిడికెడు కొసరు అందరికీ కనబడేలా పోశాడు. పోస్తూ సోములు వంక చూసి పళ్ళికిలించాడు.

ఇంకేముంది! సాయంత్రానికల్లా 'సోములు పళ్ళెంలోంచి తీసీసినాడు' అన్న మాట చెరువు గట్టు దాకా పాకింది. తక్కువ తూచేవాళ్ళని జనం చూశారు. రాళ్ళు మార్చేవాళ్ళని చూశారు. వేసింది కళ్ళెదుటే వెనక్కి తీసుకున్నవాణ్ణి మాత్రం ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరగరు. మొదటి సంత రోజు కొట్టుముందు నిలబడ్డది ఆ కుక్కొక్కటే. రెండో సంతకి అదీ రాలేదు.

రెండో సంత మర్నాడు మిషనాసుపత్రి నర్సు జ్ఞానసుందరి గొడుగేసుకుని వీధిలోకొచ్చింది. నెలకోసారి పిల్లల్ని చూసిపోవడం ఆవిడ పని. తవిటమ్మ జబ్బ పట్టుకు చూసి, కనురెప్ప లాగి చూసి, పెదవి విరిచింది.

"పాపకి జబ్బేమీ లేదమ్మా. బరువు చాలదు. చోడిజావ, అదే రాగిజావ, పల్చగా కాచి, పూటకి నాలుగు చెంచాలు పట్టు. వారం వారం తూయించు. పెరుగుతోందో లేదో కంటితో చూస్తే తెలీదు."

"ఎక్కడ తూయించాల నర్సమ్మా?"

"ఇంకెక్కడ, మా ఆసుపత్రికే రావాలి."

మిషనాసుపత్రికి రెండు బస్సులు మారాలి. వారం వారం రెండు బస్సులు ఎక్కడమంటే కుదిరే పని కాదు. నర్సమ్మ వెళ్ళాక అసిరమ్మ పిల్లని భుజానేసుకుని కొట్లోకొచ్చి నిలబడింది. మధ్యాహ్నం. బేరం లేదు. సోములు ఈగలు కూడా లేని బెల్లం దిమ్మ మీద విసనకర్ర ఊపుతున్నాడు. కూర్మమ్మ అరుగు మీద కునుకు తీస్తోంది. కాటా తళతళలాడుతోంది. పాపం, చేసే పనేమీ లేక అదొక్కటే అంత శుభ్రంగా ఉంది.

"మావా, దీని మీద ఎంత దాకా తూయొచ్చు?"

"పది కిలోలు. ఏటి?"

అసిరమ్మ చీరకొంగుతో పళ్ళెం తుడిచి, తవిటమ్మని అందులో కూచోబెట్టింది.

చల్లటి ఇత్తడి తగలగానే తవిటమ్మ ఊపిరి బిగబట్టి, ఆ వెంటనే ఊరు లేచిపోయేలా అరిచింది. కూర్మమ్మ ఉలిక్కిపడి లేచి, పళ్ళెంలో మనవరాలిని చూసి గుండెలు బాదుకుంది.

"ఓలమ్మో! గుంటని తూస్తన్నారే! పప్పులాగ, సింతపండులాగ! తూసిన గుంట తరిగిపోతాదే, దించండే!"

అసిరమ్మ పెళ్ళయి వచ్చాక అత్తకి ఎదురుచెప్పింది లేదు. ఆ రోజు ఎక్కణ్ణుంచి వచ్చిందో నోరు, పళ్ళెం రెండుచేతులా పట్టుకునే అంది. "అడ్డెడు తవుడుకి అమ్మిన గుంటని తూస్తే తప్పేటత్తా? అమ్మేటప్పుడే తూసుండాల!"

కూర్మమ్మ గుండెలు బాదుకోవడం మానేసింది.

తవిటమ్మ ఈలోగా ఏడుపాపి, పళ్ళెం అంచు పట్టుకుని, తీరిగ్గా ఒంటేలు పోసింది. సోములు కాటా మీదికి వంగిపోయాడు.

"అయిదు కిలోల రెండొందలు! సూడే అసిరీ, పొయ్యక ముందూ అంతే, పోసినాకా అంతే! ముల్లు కదిలితే ఒట్టు! ఎంత నిజాయితీ!"

"నీ నిజాయితీ ముందు పళ్ళెం లోంచి ఎత్తిపొయ్యి," అని కూర్మమ్మ చింతపండూ బూడిదా తెచ్చింది. తోముతూ తోముతూ, మొహం అటు తిప్పుకునే అడిగింది. "అంటే ఎన్ని వీశెలు?"

"నాలుగు వీశెలకి కొంచెం తక్కువమ్మా."

"కొంచెం తక్కువే," అని గొణుక్కుంది కూర్మమ్మ, ఆ తక్కువ కూడా కాటాదే తప్పన్నట్టు.

వారం తిరిగింది. ఆ వారం రోజులూ అసిరమ్మ చోడిజావ కాచడం, చెంచాతో పట్టడం, పిల్ల ఊసేస్తే మూతి తుడిచి మళ్ళీ పట్టడం. వీధిలో ఎవరు పలకరించినా "సిక్కిపోనాది" అన్నవాళ్ళే. మూడో సంత కూడా ఉత్తినే పోయింది. మర్నాడు పొద్దున్నే పిల్లని మళ్ళీ పళ్ళెంలో పెట్టింది. ఏ దేవుడికి మొక్కాలో తేలక అందరికీ కలిపి ఒక్క కొబ్బరికాయ మొక్కింది.

అయిదు కిలోల మూడువందల యాభై.

"నూటయాభై పెరిగినాది," అన్నాడు సోములు.

నూటయాభై గ్రాములంటే ఎంతో అసిరమ్మకి తెలియలేదు. నాలుగో తరగతిలోనే బడి మానిపించారు. అంకెలొచ్చు గానీ ఈ కొత్త తూకాలు చేతికి అలవాటు కాలేదు. పిల్లని దించి, కందిపప్పు డబ్బా తీసి, ముల్లు నూటయాభై మీదికి వచ్చేదాకా పోసింది. ఆ పప్పు దోసిట్లోకి తీసుకుంది. దోసిలి నిండింది.

ఇంత! వారంలో తన పిల్ల ఇంత పెరిగింది. ఎవరేమన్నా సరే, ఇదిగో, చేతిలో ఉంది. అసిరమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ పప్పు పాతగుడ్డలో మూటకట్టి, పిల్లని చంకనేసుకుని, తిన్నగా జగ్గమ్మ ఇంటికెళ్ళి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఏటిది?"

"నీ గుంట ఈ వారం పెరిగింది, పిన్నీ. తూసి తెచ్చినాను."

జగ్గమ్మ మూట చేత్తో బరువు చూసింది. పిల్లని చూసింది. మళ్ళీ మూట ఎత్తి చూసింది. "అడ్డెడు తవుడికి మంచి బేరమే సేసినాను," అంది. ఆ మూట పట్టుకుని నాలుగిళ్ళు తిరిగింది. ప్రతి ఇంట్లోనూ విప్పి చూపించింది. ప్రతి ఇంట్లోనూ ఒక పిల్లో పిల్లాడో, 'సిక్కిపోనాడు' అనిపించుకుంటున్నవాడు, ఉండనే ఉన్నాడు.

మర్నాటి నుంచీ సోములు కొట్టుముందు తల్లులు బారులు తీరారు. గుప్పెడంత పిల్లలు, గుమ్మడికాయంత పిల్లలు, ఎవరి బరువు వాళ్ళ తల్లి కొంగున ముడేసుకుని పోతోంది. చావిట్లో మగవాళ్ళు ధాన్యం ధర మాట్లాడుకుంటూంటే, ఆడవాళ్ళు "మావాడు ఏడు కిలోల నూటపది" అంటున్నారు. సోములుకి ఊపిరాడడం లేదు. "ముల్లు అబద్ధమాడదు" అని రోజుకి నలభైసార్లు అంటున్నాడు.

అయితే అందరూ తూయించుకుని, పిల్లని చంకనేసుకుని, వీధి దాటి ఎర్రన్న కొట్లో పప్పు కొనుక్కుని పోతున్నారు.

"పొద్దల్లా తూసినావు కదా, ఏటొచ్చినాదిరా?" అంది కూర్మమ్మ, ఆ రోజుకి ఆరోసారి పళ్ళెం తోముతూ. "ఉచ్చొచ్చినాది. ఎల్లుండే నాలుగో సంత. ఖరగ్‌పూర్‌లో సలి ఎక్కువట, దుప్పటి సూసుకో."

ఆ మాటకి అసిరమ్మ తలెత్తి అటక మీది గోనెకేసి చూసింది. మడత మడతలాగే ఉంది.

సరిగ్గా అప్పుడే జగ్గమ్మ తన కూతురి కొడుకుని చంకనేసుకుని వచ్చింది. ఏడాదిన్నరవాడు. ఎర్రన్న కొట్లో అప్పుడే కొన్న బెల్లం పొట్లం వాడి చేతిలో ఉంది. కాగితం చింపి ఒక మూల నాకుతున్నాడు.

"ఈణ్ణి తూసు. పొట్లం ఇలాగియ్యరా బాబూ."

వాడు ఇవ్వలేదు. జగ్గమ్మ లాగింది. వాడు బెల్లం పొట్ట కిందకి దోపుకుని బోర్లా పడి, కాళ్ళు రెండూ గాల్లోకి లేపి, ఆ వీధిలో అంతకు ముందెప్పుడూ వినని రాగం అందుకున్నాడు.

"పోనీ, బెల్లంతోటే తూసెయ్యి మావా," అంది అసిరమ్మ. "తరవాత బెల్లం ఒక్కటీ తూసి తీసెయ్యొచ్చు."

తూశారు. తొమ్మిది కిలోల వంద. ఆ తర్వాత అసిరమ్మ వాడికి గుప్పెడు పుట్నాలు చూపించి, వాడు ఆశపడి చెయ్యి చాపగానే బెల్లం లాగేసి పళ్ళెంలో పెట్టింది.

ముల్లు పరిగెత్తి, వణికి, ఆగింది.

సోములు చూశాడు. అసిరమ్మ చూసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఎంత కొన్నావత్తా?" అన్నాడు సోములు మెల్లగా.

"కిలో. పైన కొసరు. పళ్ళెం నేలకి తగిలినాది, నా కళ్ళతోటి సూసినాను."

"ఇది ఎనిమిదొందల ఎనభై."

జగ్గమ్మ ముల్లు దగ్గరికి మొహం పెట్టింది. "కొసరు తోటా?"

"కొసరు తోటే."

"గుంటడు నాకినాడు కదా..."

"నాలుగు నాకుళ్ళలో నూటిరవై గ్రాములేటి పిన్నీ?" అంది అసిరమ్మ. "మా తవిటమ్మ వారమంతా తిని నూటయాభై పెరిగినాది!"

జగ్గమ్మ బెల్లం పొట్లం చేతికి తీసుకుంది. తలెత్తి వీధి అవతలికి చూసింది. ఎర్రన్న ఎవరికో తూస్తున్నాడు. పళ్ళెం నేలకి తగిలేంత ఒరిగింది. కొసరు ధారగా పడింది.

"ఒరే ఎర్రన్నా!" అంది జగ్గమ్మ. నాలుగిళ్ళు కాదు, ఆ కేక బస్టాండులో దిగుతున్నవాళ్ళకి కూడా వినిపించి ఉంటుంది. "నా సొమ్మే తీసి నాకే కొసరేస్తన్నావేట్రా?"

ఆ తర్వాత జరిగింది చెప్పుకోవాలంటే రోజు చాలదు. ఆడవాళ్ళు ఎవరింట్లో ఉన్న పొట్లం వాళ్ళు పట్టుకొచ్చారు. చింతపండొచ్చింది, మిరపకాయలొచ్చాయి, సగం వాడేసిన ఉప్పు కూడా వచ్చింది, దాన్ని సోములు దణ్ణం పెట్టి వెనక్కి పంపాడు. ఎర్రన్న త్రాసులో సరుకేసే పళ్ళెం తిరగేసి చూస్తే, అడుగున ఎండిన చింతపండు ముద్ద వడలా అంటుకుని ఉంది. "అదెవరు పెట్టినారో నాకేటి తెలుసు!" అన్నాడు ఎర్రన్న. "నీ పళ్ళేనికి అది ప్రేమతోటి అతుక్కున్నాదేటి?" అంది జగ్గమ్మ.

గొడవ చల్లారాక జగ్గమ్మ వచ్చి సోములు కొట్టు ముందు కుదురుగా నిలబడింది. వెనకాల వీధంతా.

"ఒరే సోములూ. నీ కాటా నిజమే సెప్తాదని ఒప్పుకున్నాను. అరకిలో కందిపప్పు తూసు."

సోములు తూశాడు. ముల్లు గీత మీద నిలబడింది. జగ్గమ్మ కదల్లేదు. చూస్తూనే ఉంది.

"మరి కొసరు?"

సోములు గొంతు సవరించుకున్నాడు. "అదే అత్తా, కొసరేస్తే ముల్లు..."

బల్ల కింద అసిరమ్మ మొగుడి కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది. కడియాలుంటే ఎముక విరిగేదే. సోములు బాధకి నోరు మూసుకున్న ఆ కాస్త సేపట్లో, పప్పు పళ్ళెంలోంచి పొట్లంలోకి వంచి, పొట్లం కాటాకి దూరంగా పట్టుకుని, డబ్బాలోంచి చారెడు పప్పు తీసి అందరూ చూస్తుండగా అందులో పోసింది.

"ముల్లుకి అరకిలో సూపించినాం పిన్నీ. కొసరు ముల్లుకెందుకు సూపించాల? అది నీకూ నాకూ మధ్యన."

జగ్గమ్మ పొట్లం అందుకుని, సోములు వంక తిరిగింది. "సూసినావురా? కాటా కొనడం కాదు, ఇదీ బేరమంటే!"

నాలుగో సంత నాడు సోములు కొట్టుముందు కుక్కకి చోటు దొరకలేదు. రాళ్ళు వెతికే పని లేదు, పళ్ళెం ఊగే పని లేదు. సోములు పొయ్యడం, ముల్లు నిలబడడం, అసిరమ్మ పొట్లంలో చారెడు జార్చడం. ఇద్దరు పోయే వేళకి అయిదుగురు కాదు, ఆరుగురు పోయారు. మధ్యాహ్నానికి కందిపప్పు డబ్బా అడుగంటింది. బాడంగి నుంచీ పాలకొండ నుంచీ సంతకొచ్చిన ఆడవాళ్ళు కూడా, ఎవరు చెప్పారో ఏమో, చంటిపిల్లల్ని తూయించుకుని, ఆ చేత్తోనే ఉప్పూ పప్పూ కొనుక్కుని పోయారు.

పొద్దు వాలేవేళకి ఎర్రన్న వీధి దాటి వచ్చి, అరుగు కింద నిలబడి, ఎటో చూస్తూ అడిగాడు. "ఆ కాటా ఎక్కడ కొన్నారేటి?"

"మా కోడలి కడియాలతోటి కొన్నాం," అంది కూర్మమ్మ. "మీ ఇంట్లో ఉన్నాయేటి కడియాలు?"

ఎర్రన్న వెళ్ళిపోయాక కూర్మమ్మ లేచి, పీట వేసుకుని అటక మీంచి గోనె దించింది. అసిరమ్మ చంకలో పిల్లని ఇంకా దగ్గరికి లాక్కుంది. బేరం పెరిగిందని అత్త ఒప్పుకోలేదా? సోములు కూడా పొట్లం కట్టడం ఆపి చూస్తున్నాడు. కూర్మమ్మ పురితాడు తీసి మూల పడేసింది. గోనె దులిపి, నాలుగు మడతలు వేసి, పైన తన పాత చీర ముక్క చుట్టి, ఇత్తడి పళ్ళెంలో పరిచింది. అసిరమ్మ చంకలోంచి తవిటమ్మని తీసుకుని దాని మీద కూచోబెట్టింది. మెత్తగా ఉండేసరికి తవిటమ్మ అరవలేదు. ముల్లు కేసి చెయ్యి చాపింది.

"ఇత్తడి సల్లగా తగుల్తన్నాది గుంటలకి," అంది కూర్మమ్మ.

సోములు అద్దంలోకి వంగి, తల గోక్కున్నాడు. "అమ్మా, గోనె బరువు కూడా కలుస్తాది. అరకిలో దాకా ఎక్కువ సూపిస్తన్నాది. ముల్లు..."

"ఎక్కువే సూపించనీరా," అంది కూర్మమ్మ, మనవరాలి బొజ్జ మీద చెయ్యేసి. "పప్పుకున్న కొసరు నా గుంటకి ఉండొద్దేటి?"